ఎవరూ దాచుకోని పుస్తకాలు, కలకత్తాలో

నేను తెలుగు పుస్తకాలు చదవడం మొదలుపెట్టింది కలకత్తాలో అంటే ఇప్పటికీ కొంతమంది నమ్మరు. పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో. నాన్న వర్క్‌షాప్‌లో ఫిట్టరు. మా వరసలో సగం ఇళ్ళు శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్ళవే కాబట్టి కుళాయి దగ్గర తగాదాల నుంచి పెళ్ళి పాటల దాకా అంతా తెలుగే. కానీ బళ్ళో హిందీ, ఇంగ్లీషు, బజార్లో బెంగాలీ. అమ్మ పలక మీద దిద్దించిన అక్షరాలతో చందమామ దాకా లాక్కొచ్చాను. ఆ పైన చదువుకుందామంటే పుస్తకాలేవి? వేసవి సెలవులకి టెక్కలి వెళ్ళినప్పుడు మామయ్య కొనిపెట్టిన ఒకటీ అరా, అమ్మ తెప్పించుకునే వారపత్రిక, అంతే.

1980ల చివర్లో డిగ్రీకి కలకత్తాలో చేరాను. మా హాస్టల్లో ఉండే ఒక ఒరియా సీనియర్ చెప్పాడు, అలీపూర్‌లో నేషనల్ లైబ్రరీ ఉంది, దేశంలో అన్ని భాషల పుస్తకాలూ వస్తాయి, నీ తెలుగువి కూడా ఉంటాయి, కూర్చుని చదువుకోడానికి పైసా అక్కర్లేదు అని. ఆ ఆఖరి మాటకే నేను కదిలాను, అది వేరే సంగతి. బస్సులో "నేషనల్ లైబ్రరీ" అంటే కండక్టరు ఓ క్షణం ఆలోచించేవాడు, "చిడియాఖానా" అంటే చాలు, టక్కున టికెట్ చింపి ఇచ్చేవాడు. జూ ఎదురుగానే. ఒక్కోసారి సాయంత్రం పూట లైబ్రరీ ఆవరణలోకి పులి గాండ్రింపు వినిపిస్తుందని పాత రీడర్లు చెప్పేవారు. నాకు కోతుల గోల తప్ప ఇంకేమీ వినపడలేదు.

లైబ్రరీ ఉన్న బెల్వెడేర్ హౌస్ గురించి కొంచెం చెప్పాలి. ముప్ఫై ఎకరాల తోట, మధ్యలో తెల్లటి స్తంభాల బంగళా. 1854 నుంచి 1912 దాకా బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్లు కాపురమున్న ఇల్లు. ఆ పక్కనే ఎక్కడో 1780 ఆగస్టు 17న గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్, తన సొంత కౌన్సిల్ మెంబర్ ఫిలిప్ ఫ్రాన్సిస్‌తో పిస్తోళ్ళతో ద్వంద్వ యుద్ధం చేశాడు. ఫ్రాన్సిస్‌కి గుండు తగిలింది కానీ బతికాడు. ఆఫీసు గొడవ అంతదాకా వెళ్ళిందంటే చూడండి. దొరలు విందులూ డ్యాన్సులూ చేసుకున్న ఆ పెద్ద హాల్లోనే మేం కూర్చుని చదువుకునేవాళ్ళం. చాలా ఎత్తులో కప్పు, పొడవాటి బల్లలు, పైనుంచి కడ్డీలు వేలాడుతూ తిరిగే ఫ్యాన్లు. కొత్తగా వెళ్ళినవాడికి ఆ హాలు చూస్తేనే కాస్త టెన్షన్ పుడుతుంది, దగ్గడానికి కూడా భయం. నాలుగు రోజులు పోయాక చూస్తే మన పక్కనే ఒకాయన తల వాల్చి హాయిగా నిద్రపోతుంటాడు.

లైబ్రరీ చరిత్ర నాకు అక్కడి పెద్దవాళ్ళ కబుర్లలో ముక్కలు ముక్కలుగా తెలిసింది. 1836లో కలకత్తా పబ్లిక్ లైబ్రరీ అని జనం చందాలతో మొదలైంది, దానికి మొట్టమొదటి ప్రొప్రయిటర్ ద్వారకానాథ్ ఠాగూర్. 1891లో సర్కారు ఆఫీసుల లైబ్రరీలన్నీ కలిపి ఇంపీరియల్ లైబ్రరీ అన్నారు. వైస్రాయి కర్జన్ ఈ రెంటినీ ఒకటి చేసి 1903 జనవరి 30న మెట్‌కాఫ్ హాల్లో జనానికి తలుపులు తెరిచాడు. 1948లో పేరు నేషనల్ లైబ్రరీ అయింది. 1953 ఫిబ్రవరి 1న బెల్వెడేర్‌లో మౌలానా ఆజాద్ ప్రారంభించారు. స్వతంత్రం వచ్చాక దీనికి మొదటి లైబ్రేరియన్ బి.ఎస్. కేశవన్. అంతకుముందు ఇంపీరియల్ రోజుల్లో హరినాథ్ దే అని ఒకాయన ఉండేవాడు, ఆ పదవిలో కూర్చున్న మొదటి భారతీయుడు, ముప్ఫై నాలుగు భాషలు వచ్చని చెప్పుకుంటారు, 1911లో ముప్ఫై నాలుగేళ్ళకే పోయాడు. ఏడాదికొక భాష లెక్క వేసుకుని మేం ముక్కున వేలేసుకునేవాళ్ళం.

ఇక అశుతోష్ ముఖర్జీ కుటుంబం ఇచ్చిన దాదాపు ఎనభై వేల పుస్తకాలు, చరిత్రకారుడు జదునాథ్ సర్కార్ సేకరణ, బుహార్ అనే ఊరి నుంచి వచ్చిన అరబ్బీ, పారశీ వ్రాతప్రతులు, ఇవన్నీ అక్కడి గొప్పలు. రీసెర్చ్ చేసేవాళ్ళు వాటికోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. నాకు వాటితో పనిలేదు. నా పని తెలుగు విభాగంలో.

అక్కడ ఒక పెద్దాయన ఉండేవారు. పేరు రాయను. మొదటిసారి నేను తెలుగులో అడిగేసరికి అద్దాల మీదుగా చూసి "ఏం బాబూ, ఎవరి తాలూకు? ఏ వూరు?" అన్నారు. టెక్కలి అనగానే మొహం విప్పారింది, వాళ్ళది పలాస వైపట. పుస్తకం కావాలంటే ఇవ్వాల్సిన స్లిప్పు రాయడం ఆయనే నాకు నేర్పారు. కేటలాగ్ కార్డు మీద ఎడమవైపు ఉన్న కాల్ నంబరు, అంటే పుస్తకం ఏ బీరువాలో ఉందో చెప్పే నంబరు, ఉన్నదున్నట్టు ఎక్కించాలి, రచయిత, పుస్తకం పేరు, కింద మన సీటు నంబరు. నంబర్లో చుక్క ఒక స్థానం అటూ ఇటూ అయితే తెలుగు నవల కోసం వెళ్ళిన మనిషి ఇంకో భాష బీరువా ముందు నిలబడతాడు. పుస్తకాల్ని విషయాన్ని బట్టి అంకెలతో విడగొట్టే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827, తమిళానికి 894.811, కన్నడానికి 894.814. ఫోన్ నంబర్లు గుర్తుండవు కానీ ఇవి మాత్రం ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

స్లిప్పు ఇచ్చాక పుస్తకం వచ్చేదాకా కూర్చోవాలి. ఆ ఖాళీలో మెట్ల మీదకో, క్యాంటీన్‌కో. క్యాంటీన్లో టీ తాగుతూ ఒక మూల బెంగాలీ ముసలివాళ్ళు రాజకీయాల మీద గొంతులు చించుకుంటుంటే, ఇంకో మూల సివిల్ సర్వీసుకి చదివే కుర్రాళ్ళు నోట్సు మార్చుకుంటుంటే, మధ్యలో నేను నా తెలుగు పుస్తకం వచ్చుంటుందా రాలేదా అని గడియారం చూసుకుంటూ ఉండేవాణ్ణి, ఆ ఎదురుచూపులో కూడా ఏదో సరదా ఉండేది, ఇప్పుడు ఫోన్లో నొక్కగానే వచ్చేస్తే ఆ సరదా లేదు. అయినా నొక్కగానే రావడమే మంచిదనుకోండి.

నేను మొదట్లో పెద్ద పెద్ద పేర్లే అడిగాను, విశ్వనాథ, చలం, శ్రీశ్రీ. అవన్నీ ఉన్నాయి, చదివాను, సంతోషం. కానీ అవి విజయవాడలో దొరుకుతాయి, హైదరాబాద్ కోఠీలో దొరుకుతాయి, టెక్కలిలో మామయ్య బీరువాలో కూడా కొన్ని దొరుకుతాయి. నాకు కళ్ళు తిరిగింది ఇంకోచోట. ఒకరోజు పెద్దాయన ఏదో పని మీద ఉంటే నేను కార్డుల డ్రాయరు ఊరికే తిరగేస్తున్నాను. రైల్వే స్టేషన్ బుక్‌స్టాల్లో అమ్మే డిటెక్టివ్ నవలలు, చదివేశాక సీటు కిందే వదిలేసి దిగిపోయే సరుకు, వరసగా కార్డులు. పంచాంగాలు. ఎనిమిదో తరగతి లెక్కల గైడ్లు. ఒక జిల్లా రైతుల కోసం వేసిన వేరుశనగ సాగు పుస్తకం. కుట్టు మిషను నేర్చుకోవడం ఎలా. ఎవరో హెడ్‌మాస్టరు గారు రిటైరయ్యాక సొంత డబ్బుతో వేసుకున్న సీస పద్యాల సంపుటి, ముందు మాట నాలుగు పేజీలు, అభినందనలు పదహారు పేజీలు. ఇవన్నీ వందల మైళ్ళ అవతల, బెంగాల్లో, లెఫ్టినెంట్ గవర్నరు గారి తోటలో, నంబర్లేసి భద్రంగా!

నేను వెళ్ళి అడిగాను, ఇవన్నీ ఎవరు కొన్నారండీ అని. ఆయన నవ్వి "కొనడమేమిటి, చట్టం" అన్నారు.

ఆ చట్టం సంగతి అప్పుడు చెప్పారు. 1954లో డెలివరీ ఆఫ్ బుక్స్ యాక్ట్ అని వచ్చింది. దేశంలో ఎవరు పుస్తకం అచ్చువేసినా ముప్ఫై రోజుల్లోగా సొంత ఖర్చుతో నాలుగు లైబ్రరీలకి ఒక్కో కాపీ పంపాలి. ఒకటి ఇక్కడికి, ఒకటి మద్రాసు కన్నెమరాకి, ఒకటి బొంబాయికి, ఒకటి ఢిల్లీకి. 1956లో పత్రికల్ని కూడా దీంట్లో చేర్చారు. అందులో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. మిగతా మూడు చోట్లకీ మామూలు కాగితం మీద అచ్చయిన కాపీ చాలట, కలకత్తాకి పంపేది మాత్రం ఉన్నవాటిలోకెల్లా మంచి కాగితం మీద వేసింది, బొమ్మలూ మ్యాపులూ అన్నీ ఉన్నది, బైండో కుట్టో వేసి పంపాలి. అంటే ఆ డిటెక్టివ్ నవలకి కూడా దక్కాల్సిన మర్యాద అదే. చట్టం మంచి పుస్తకమా చెడ్డ పుస్తకమా అని అడగదు, అచ్చయిందా లేదా అంతే. నాకైతే ఇంత సమదృష్టి ఉన్న చట్టం ఇంకోటి కనపడలేదు.

పంపకపోతే జుర్మానా యాభై రూపాయల దాకా, పుస్తకమైతే దాని వెల అదనం. 1954లో యాభై అంటే ఏమో గానీ నేను చదివే రోజులకే అది నవ్వులాట. అందుకే పంపనివాళ్ళు బోలెడుమంది. తర్వాత ఎప్పుడో ఒక ప్రచురణకర్తని, పేరెందుకు లెండి, ఈ మాటే అడిగితే "పోస్టేజీ ఎవడిస్తాడు సార్, అక్కడ చదివేదెవడు" అన్నాడు. చదివింది నేనయ్యా అని చెప్పాను. నమ్మినట్టు కనపడలేదు.

ఇప్పుడు అమ్మ సీరియల్ సంగతి.

ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసే పని ఒకటుండేది, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. వారపత్రికలో సీరియల్ నవల వస్తుంటే వారం వారం ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసలో పెట్టి, అయిపోయాక అట్టలేసి బైండు చేయించుకోవడం. అమ్మ దగ్గర అలాంటివి ఒక ట్రంకు పెట్టెడు ఉండేవి. కొన్నిటికి నాన్న వర్క్‌షాప్ నుంచి తెచ్చిన దబ్బనంతో తనే కుట్టేది. వెనక పేజీలో సగం జోకు, సగం తలనూనె ప్రకటన, ఇటు తిప్పితే నాయిక రైలెక్కుతుంటుంది.

వాటిల్లో ఒకదానికి మధ్యలో మూడు వారాలు లేవు. 1974 మే నెల. రైల్వే సమ్మె. మే 8న మొదలై 27న ఆగింది. మా ఊళ్ళో రైలే అన్నం, రైలే ఉత్తరం, రైలే వారపత్రిక. నాకు అప్పుడు ఆరేళ్ళు, గుర్తున్నదల్లా వర్క్‌షాప్ సైరన్ మోగకపోవడం, నాన్న రాత్రిళ్ళు ఇంట్లో పడుకోకపోవడం, అమ్మ బియ్యం డబ్బా అడుగు చూసి మూత పెట్టేయడం. దేశమంతా వేలమందిని పట్టుకెళ్తున్న రోజులు. తర్వాత అంతా సర్దుకున్నాక, నాన్న మళ్ళీ డ్యూటీలో చేరాక, అమ్మ పత్రిక ఏజెంటుని ఆ మూడు సంచికలూ తెప్పించమని ఎన్నిసార్లడిగిందో. రాలేదు. మద్రాసు నుంచి కట్టలు బయల్దేరాయో లేదో, దార్లో ఏ గూడ్స్ షెడ్డులో చెదలు తిన్నాయో. ఆ నవలని అమ్మ ఆ లోటుతోనే బైండు చేయించింది. లేని చోట మూడు తెల్లకాగితాలు పెట్టించింది.

డ్రాయరు ముందు నిలబడి నాకు అదే గుర్తొచ్చింది. పత్రికలు కూడా చట్టంలో ఉన్నాయంటున్నారు కదా. వారపత్రిక పేరు, 1974, మే నుంచి జూన్ దాకా అని స్లిప్పు రాశాను.

వాల్యూము వచ్చింది. ఖద్దరు రంగు బైండింగు, బరువు. తెరిస్తే ముందు తగిలింది వాసన. పత్రికల కాగితం చెక్క గుజ్జుతో చేస్తారు, దాన్లో ఆమ్లం నానాటికీ కాగితాన్నే తినేస్తుంది, అందుకే అంచులు ముదురు గోధుమ రంగు, మధ్య మాత్రం కాస్త తెలుపు. చేత్తో తిప్పితే మూల విరిగి బల్ల మీద పడుతుంది, చాలా చిన్న ముక్క, వేలితో నొక్కితే పొడి. రెండు అరచేతులూ కింద పెట్టి పేజీ మొత్తాన్ని ఎత్తి తిప్పాలని పెద్దాయన చూపించారు. మే సంచికలు ఉన్నాయి. మూడూ. సమ్మె అప్పుడు మరి ఏ దారిన వచ్చాయో, సమ్మె అయ్యాక ఒక్కసారే వచ్చాయో, ఉన్నాయి.

జిరాక్సుకి ఆ బైండింగు వెనక్కి వంచితే వీపు పగులుతుంది, వద్దన్నారు, నాకూ మనసొప్పలేదు. ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కుని పెన్సిలుతో రాసుకున్నాను. కథ ఒక్కటే కాదు, ప్రతి వారం చివర "సశేషం", బొమ్మ ఉన్న చోట బొమ్మలో ఏముందో ఒక లైను. రాస్తూ రాస్తూ పక్క పేజీలు చదివేవాణ్ణి, అసలు మజా అక్కడే ఉంది. పాఠకుల ఉత్తరాలు, వధువు కావలెను, ఒక డాక్టరు గారి సలహాలు, గుమ్మడికాయ వడియాలు ఎండలో ఎన్ని రోజులుంచాలి, ట్రాన్సిస్టర్ ప్రకటన. ఏ సాహిత్య చరిత్రలోనూ రాయరు ఇవన్నీ. అమ్మ కత్తెరకి కూడా ఇవి దక్కలేదు, సీరియల్ చింపుకుని మిగతాది పొట్లాలకి వాడేసేది. మన ఇళ్ళల్లో జనం ఏం తిన్నారు, దేనికి భయపడ్డారు, ఏం కొనుక్కోవాలని ఆశపడ్డారు అన్నది తెలియాలంటే సీరియల్ తీసేశాక మిగిలే ఆ భాగమే కావాలి.

ఆ ఆదివారం లోకల్లో ఖరగ్‌పూర్ వెళ్ళి నోట్‌బుక్ చేతికిచ్చాను. అమ్మ ముందు నా చేతిరాతని తిట్టింది. తర్వాత పొయ్యి మీద పప్పు సంగతి కూడా మర్చిపోయి గుమ్మంలో కూర్చుని చదివింది. ఆ నవలలో ఒక దుర్మార్గపు బాబాయి ఉంటాడు, ఆ మూడు వారాల్లో చచ్చిపోతాడు, తర్వాతి భాగాల్లో ఊరికే "బాబాయి పోయాక" అని వస్తుంది తప్ప ఎలా పోయాడో ఉండదు. ఇన్నేళ్ళూ అమ్మ లెక్కలో వదినే విషం పెట్టి చంపింది. తీరా చూస్తే టైఫాయిడ్. అమ్మ కళ్ళజోడు తీసి "ఏడిసినట్టుంది, నేననుకున్నదే బాగుంది" అని తేల్చేసింది. అయినా తెల్లకాగితాలు కోయించి ఆ నోట్‌బుక్ పేజీలు అందులో కుట్టించింది. ఆ తర్వాత నాకు చీటీలు మొదలయ్యాయి. ఫలానా పత్రికలో ఫలానా సీరియల్ ముగింపు, ఎదురింటి పిన్నిగారికి ఫలానా వ్రతకథ, మా క్వార్టర్స్ మొత్తానికి నేను కలకత్తా బ్రాంచి అయ్యాను.

దినపత్రికల కోసమైతే అప్పట్లో అలీపూర్ కాదు, ఎస్ప్లనేడ్ వెళ్ళాలి, పత్రికల గది అక్కడుండేది. అదొక వేరే లోకం, దుమ్ము, పెద్ద పెద్ద వాల్యూములు, మోయడానికి ఇద్దరు కావాలి. నేను తక్కువే వెళ్ళాను.

ఒక్క అసంతృప్తి మాత్రం ఉండేది, అది లైబ్రరీ తప్పు కూడా కాదు. 1954కి ముందు తెలుగు పుస్తకాలు ఇక్కడ అంత నిండుగా ఉండవు. బ్రిటిష్ వాళ్ళ 1867 చట్టం ప్రకారం ప్రతి ప్రెస్సూ సర్కారుకి కాపీ ఇవ్వాల్సి ఉండేది, మద్రాసులో మూడు నెలలకొకసారి జాబితా వేసేవాళ్ళు, అందులోంచి ఏరుకున్నవి ఓడెక్కి లండన్‌లో ఇండియా ఆఫీసు లైబ్రరీకి పోయేవి. అందుకే మన తాతల నాటి చిల్లర పుస్తకం కావాలంటే లండన్, మన అమ్మల నాటిది కావాలంటే కలకత్తా. ఇంకో విచిత్రం, ఈ బెంగాల్‌కి తెలుగు అచ్చుతో చుట్టరికం కొత్తేం కాదు. హుగ్లీ ఒడ్డున సెరాంపూర్‌లో, 1812లో ప్రెస్సు తగలబడి అచ్చు అక్షరాలూ వ్రాతప్రతులూ ఎన్నో బూడిదైనా, రెండేళ్ళకే, 1814లో, విలియం కేరీ అనే మిషనరీ తెలుగు వ్యాకరణం అచ్చేశాడు. మన దగ్గర ఇంకా తాటాకుల మీద గంటం నడుస్తున్న రోజులవి.

ఉద్యోగం వచ్చి దక్షిణాదికి వచ్చేశాక రాకపోకలు తగ్గాయి. 2010లో పేపర్లలో గోల, బెల్వెడేర్ కింద తలుపు లేని రహస్య గది బయటపడిందని, నిధి ఉందని, హేస్టింగ్స్ శిక్షలు వేసే గదని. చివరికి చూస్తే అంతా మట్టి. పునాది గట్టిపడాలని నింపినట్టున్నారు. నాకైతే ముందే తెలుసు, నిధి పై అంతస్తులో 894.827 దగ్గర ఉందని.

తర్వాత ఒకసారి వెళ్ళాను. పుస్తకాలూ చదువుకునే చోటూ ఇప్పుడు బెల్వెడేర్‌లో లేవు, అదే ఆవరణలో 2004లో తెరిచిన భాషా భవన్‌లో. ఏసీ, కంప్యూటర్లు, లిఫ్టు. పుస్తకాలకి అదే మంచిది, ఆ పాత హాల్లో తేమకి ఎన్ని నలిగిపోయేవో. స్తంభాల బంగళా ముందు మాత్రం జనం సెల్ఫీలు దిగుతున్నారు. పెద్దాయన ఎప్పుడో రిటైరయి ఊరికి వెళ్ళిపోయారన్నారు.

ఇంటర్నెట్‌లో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఇప్పుడు వేలల్లో దొరుకుతున్నాయి, నేనూ రాత్రిళ్ళు అవే చదువుతాను. కానీ స్కాన్ చేయాలంటే ముందు ఎవరో ఒకరు కాగితాన్ని దాచి ఉండాలి కదా. ఈమధ్య మా అపార్ట్‌మెంట్‌లో ఒక బ్యాంకు రిటైర్డ్ మేనేజరు గారు శతకం వేయించుకున్నారు, మూడొందల కాపీలు, సగం ఇంకా మంచం కిందే ఉన్నాయి. మీరు నాలుగు కాపీలు పంపాలండీ, చట్టం అని చెప్పి అడ్రసులు రాసిచ్చాను. కలకత్తాకి పంపేది మంచి కాగితం మీద ఉండాలని కూడా చెప్పాను, కాస్త కంగారు పడ్డారు. మొత్తానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. అప్పట్నుంచి లిఫ్టులో కనపడినప్పుడల్లా ఒకటే ప్రశ్న, "ఏమండీ, నా పుస్తకానికి నంబరు వేసుంటారంటారా?" వేస్తారు సార్, 894.827తో మొదలవుతుంది, అంటాను. మొన్న ఆ నంబరు విజిటింగ్ కార్డు మీద వేయించుకోవచ్చా అని అడిగారు.